మితమనగా కొలువబడినది

విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్టులో పచ్చిమిరపకాయలు కొను గృహస్థు త్రాసుముల్లు నిలుచు వరకు దానిపైనుండి దృష్టి మరల్చడు. బంగారుకొట్టులో మిల్లీగ్రాముల తేడాకు వాదమునకు దిగును. బియ్యపు బస్తా ఇంటికి చేరిన తరువాత తూకము తగ్గినదేమో అని మరల తూచి చూచువారును కలరు. వైద్యుడు బరువు తగ్గవలెనని ఆదేశించిన పిమ్మట ఆ గృహస్థునే తన కంచములోని అన్నమును తూచుమన్నచో ముఖము చిట్లించును. "అన్నము తూచి తినుట ఏమి అనాచారము? మన పెద్దలు తూచి తినిరా?" అని ప్రశ్నించును. పరుని చేతిని నమ్మక త్రాసును నమ్మినవాడు తన నాలుక విషయమున మాత్రము త్రాసును త్రోసివేయుచున్నాడు. ఇది కేవలము అలవాటైనచో ఉపేక్షింపవచ్చును. కాని దీనికి శాస్త్రము పేర, సంప్రదాయము పేర సమర్థనలు పుట్టినవి. ఆ సమర్థనలు విచారమునకు ఎంతవరకు నిలుచునో చూడవలసి ఉన్నది.

ముందుగా పదమును పరిశీలింపవలెను. మితాహారమనగా కొంచెము తినుట అని లోకమున వాడుక. వ్యుత్పత్తి అట్లు చెప్పదు. "మా" ధాతువునకు కొలుచుట అని అర్థము. ఆ ధాతువు నుండి పుట్టిన "మిత" శబ్దమునకు కొలువబడినది అని ముఖ్యార్థము. మాత్ర, పరిమాణము, ప్రమాణము అనునవియు ఆ ధాతువు సంతానమే. కావున కొలువకుండ కొంచెము తిన్నవాడు అల్పాహారి కావచ్చునేమో గాని మితాహారి కాడు. తాను కొంచెమే తినుచున్నానని భావించుచు కొలువకుండ తినువాడు అల్పాహారి అని కూడ చెప్పుటకు వీలు లేదు. అతడు ఎంత తినుచున్నాడో అతనికే తెలియదు.

కృష్ణాతీరమున గత రెండు దశాబ్దములుగా ఆహారమును గూర్చి జరిగిన వాదములన్నియు ద్రవ్యమును గూర్చినవే. ప్రకృతిచికిత్సను ప్రచారము చేసిన మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పును, నూనెను వర్జింపుమనిరి. విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ గారు అన్నమునే మానిపించి, దినమునకు 70 నుండి 100 గ్రాముల కొవ్వును గ్రహింపుమనిరి. ఖాదర్ వలి గారు వరిని, గోధుమను విడిచి కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు ఆశ్రయింపుమనిరి. ఒకరికి నూనె విషము, మరొకరికి నూనె ఔషధము. ఈ మూడు మతములలో ఏది యుక్తమో నిర్ణయించుట ఇచ్చట ప్రస్తుతము కాదు. జనులు వీనిని ఏ విధముగా స్వీకరించిరి అనునది ప్రస్తుతము. ఎవరిని విన్నను శ్రోత గ్రహించినది ఏది తినవచ్చును, ఏది తినరాదు అను పట్టికనే. ఎంత అను మాట చెవిలో పడినను మనసులో నిలువలేదు. 70 నుండి 100 గ్రాములు అని సంఖ్యతో సహా చెప్పిన చోట కూడ అనేకులు గ్రాములను మరచి, నూనెకు దొరికిన అనుమతిని మాత్రము గుర్తుంచుకొనిరి. 100 గ్రాముల కొవ్వు 900 కిలోక్యాలరీలు. అన్నము మానకుండ దానిని అదనముగా చేర్చుకొన్నవాని గతి ఏమగునో చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కరలేదు.

కొర్రల సంగతియు ఇట్టిదే. వండని బియ్యము 100 గ్రాములలో సుమారు 350 కిలోక్యాలరీలు ఉండును. కొర్రలలో కూడ ఇంచుమించు అంతియే. పీచు, జీర్ణమగు వేగము మొదలైన విషయములలో భేదము కలదు, ఆ భేదము విలువైనదే. కాని 75 గ్రాముల బియ్యము వండుకొని తినువానికి సుమారు 260 కిలోక్యాలరీలు చేరుచుండగా, "సిరిధాన్యమే కదా" అని 125 గ్రాముల కొర్రలు తినువానికి 430 దాటును. రెండవవాడు త్యాగము చేసితినని సంతోషించుచుండును, శరీరము మాత్రము లెక్క తప్పదు.

ఈ భ్రాంతికి ధార్మికవేషము కూడ కలదు. శనివారము రాత్రి అన్నము మానుదురు. కార్తిక సోమవారము పగలెల్ల ఉపవసించి నక్తము చేయుదురు. ఏకాదశినాడు పలహారము చేయుదురు. అన్నము మానిన ఆ పూటనే ఆరు ఇడ్లీలు, రెండు గరిటెల కొబ్బరిచట్నీ, పైన నేతితో తడిసిన ఉప్మా ఆరగించుట డెల్టాలో వింత కాదు. ఇడ్లీలో ఉన్నది బియ్యపురవ్వ కాదా? అన్నమను పేరు మారినంత మాత్రమున అన్నము మారునా? ఇంద్రియనిగ్రహమునకై ఏర్పడిన వ్రతము వంటకముల మార్పిడిగా పరిణమించినది. కారణము ఒక్కటే: ద్రవ్యనియమము నిలిచినది, మాత్రానియమము జారిపోయినది.

ఆయుర్వేదమును ఉదాహరించువారే తూకమును ఎక్కువగా నిందించుట ఆశ్చర్యము. చరకసంహిత సూత్రస్థానమున ఐదవ అధ్యాయమునకు మాత్రాశితీయము అని పేరు. అష్టాంగహృదయమున ఎనిమిదవ అధ్యాయమునకును అదే పేరు. విమానస్థానము మొదటి అధ్యాయమున ఆహారవిధికి సంబంధించిన ఎనిమిది విషయములు చెప్పబడినవి: ప్రకృతి, కరణము, సంయోగము, రాశి, దేశము, కాలము, ఉపయోగసంస్థ, ఉపయోక్త. వీనిలో ద్రవ్యస్వభావము ఒకటి మాత్రమే. రాశి అనగా పరిమాణము వేరుగా లెక్కింపబడినది. ఆ రాశి మరల రెండు విధములు. భోజనము మొత్తముయొక్క పరిమాణము సర్వగ్రహము. అన్నము, పప్పు, కూర, నెయ్యి అను ఒక్కొక్కదాని పరిమాణమును విడివిడిగా గ్రహించుట పరిగ్రహము. నేటి ఆహారశాస్త్రజ్ఞుడు కంచములోని పదార్థములను వేరువేరుగా తూచి, పిదప మొత్తము కూడుమని చెప్పుచున్నాడు. చరకుడు రెండు సంజ్ఞలతో విభజించిన విషయమును ఇతడు రెండు అంకెలతో చెప్పుచున్నాడు. దీనిని పాశ్చాత్యవ్యాధి అని ఈసడించువారు ఆ అధ్యాయమును ఒకసారి తెరచి చూచుట మేలు. స్వభావముచేత లఘువైన పదార్థములు కూడ మాత్రను అపేక్షించునని సూత్రస్థానము స్పష్టముగా చెప్పినది. పెసరపప్పు తేలిక అని గిన్నె ఖాళీ చేయువారికి ఇంతకంటె సమాధానము అక్కరలేదు.

ఇక పూర్వపక్షములు. పెద్దలు తూచి తినలేదనుట మొదటిది. పెద్దలు కంచము దగ్గర తూచకపోవచ్చును, ఎసటి దగ్గర కొలిచిరి. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక అను కొలతలు ఎవరి వంటింటివి? రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఇంటిలో తినువారు ఎందరో లెక్కించి, అంతకు సరిపడు సోలలను తలకొట్టి కొలిచి పోసిన ఇల్లాలు ప్రతిదినము రాశిని నిర్ణయించెను. నేడు ఆ సోల అటకపై చేరినది. కుక్కరుతో వచ్చిన కప్పు పోయి, చేతికి దొరికిన గ్లాసు దాని స్థానమును ఆక్రమించినది. కొలుచుట పెద్దల ఆచారము. కొలువకుండుట నేటి ఆచారము.

స్మృతులు ఇంకను ముందుకు పోయినవి. ఆంధ్రదేశపు వైదికకుటుంబములలో పెక్కు ఆపస్తంబసూత్రమును అనుసరించునవి. ఆ ఆపస్తంబ ధర్మసూత్రమున మునికి 8 కబళములు, వానప్రస్థునకు 16, గృహస్థునకు 32 అని సంఖ్య కలదు. బ్రహ్మచారికి మితి లేదు. ఆ వెంటనే ఆహితాగ్ని, బండిలాగు ఎద్దు, బ్రహ్మచారి, ఈ ముగ్గురును తినియే తమ పని సాధింతురని, తినక సాధింపలేరని చెప్పబడినది. శ్రమను బట్టి మాత్ర మారునను వివేకము ఇందులోనే ఉన్నది. దివిసీమలో మోకాటిలోతు బురదలో రోజంతయు నాట్లు వేయు స్త్రీ కంచమునకును, బెంజి సర్కిల్ దగ్గర శీతలగృహమున కుర్చీ దిగని ఉద్యోగి కంచమునకును భేదముండవలెను. తాతగారు అంత అన్నము తిని నూరేండ్లు బ్రతికిరని వాదించువాడు తాతగారి నాగలిని కూడ పట్టవలెను.

చాంద్రాయణవ్రతమును చూడుడు. శుక్లపక్షమున దినమునకొక్క కబళము పెంచుచు పూర్ణిమకు 15 చేర్చి, కృష్ణపక్షమున ఒక్కొక్కటి తగ్గించుచు అమావాస్యకు ఉపవాసము చేయుట దాని ఒక పద్ధతి. కబళము ఎంత అను ప్రశ్న వచ్చునని ఎరిగి యాజ్ఞవల్క్యుడు నెమలిగ్రుడ్డు పరిమాణమని నిర్ణయించెను. మరొక పద్ధతిలో, ఏ విధముగా పంచుకొన్నను నెలకు మొత్తము 240 కబళములు దాటరాదనెను. ఒక ప్రమాణము, దాని సంఖ్య, మాసాంతమునకు మొత్తము: నేడు లెక్కపుస్తకము పెట్టుకొని తినువాడు చేయుచున్నది ఇంతియే కదా! "కొంచెము తగ్గించి తినుము" అని ఏ స్మృతియు ప్రాయశ్చిత్తము విధింపలేదు. కొలత లేని నియమము నియమము కాదని ఆ ఋషులకు తెలియును.

అనుభవము చాలును, కంటితో చూచి చెప్పగలమనుట రెండవ పూర్వపక్షము. వైశేషికదర్శనమున బరువును గురుత్వమను గుణముగా చెప్పుదురు. ప్రశస్తపాదుని మతమున గురుత్వము అతీంద్రియము. దానిని కన్ను చూడలేదు, పడుటయను క్రియను బట్టి ఊహింపవలసినదే. త్రాసు చేయునది ఆ పనియే. పళ్లెము క్రిందికి దిగుటను బట్టి బరువు అనుమితమగును. కావున నేయి ఎన్ని గ్రాములో కంటితో చెప్పగలననువాడు ఇంద్రియగోచరము కానిదానిని ప్రత్యక్షమని వాదించుచున్నాడు. 5 గ్రాముల నేయి 45 కిలోక్యాలరీలు, 20 గ్రాముల నేయి 180. వేడి అన్నములో ఇంకిన తరువాత రెండింటికిని కంటికి భేదము కనబడదు.

మరునాడు "నిన్న ఏమంత తింటిని?" అని తలచుకొనువాడు స్మృతిని ఆశ్రయించుచున్నాడు. నైయాయికులు స్మృతిని ప్రమగా అంగీకరింపరు. ప్రయోగమును ఇదే చెప్పినది. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ఒక పరిశోధన ప్రకటితమైనది. ఎంత తగ్గించి తిన్నను బరువు తగ్గుట లేదని చెప్పుకొనిన స్థూలకాయులను పరీక్షింపగా, వారి శరీరమున శక్తివ్యయము సాధారణముగానే ఉన్నది. వారు తాము తిన్నదానిని సగటున 47 శాతము తక్కువగా, చేసిన వ్యాయామమును 51 శాతము ఎక్కువగా చెప్పిరి. వారు అసత్యవాదులని భావింపనక్కరలేదు. కొలువని విషయమున మనసు తనకు అనుకూలముగానే సాక్ష్యము చెప్పును. "గాలి పీల్చినను లావెక్కుచున్నాను" అను మాట పటమటలో వినబడినను న్యూయార్కులో వినబడినను దాని మూలము ఒక్కటే.

మూడవ పూర్వపక్షము సూక్ష్మమైనది. మాత్ర అగ్నిబలమును అపేక్షించునని చరకుడే చెప్పెను గదా, కడుపు చాలుననినప్పుడు చాలించిన సరిపోదా, గ్రాములెందులకు అని అడుగుదురు. అగ్నిబలమును బట్టి మాత్ర ఎంత ఉండవలెనో నిర్ణయమగును. మాత్రయే అక్కరలేదని దాని అర్థము కాదు. పైగా కడుపు పలుకు మాట వినవలెనన్నచో నెమ్మదిగా, భోజనమునందే మనసుంచి తినవలెను. సెల్ ఫోను తెర చూచుచు పది నిముషములలో కంచము ఖాళీ చేయువానికి ఆ మాట వినబడునప్పటికి రెండవ వడ్డన ముగియును. సంవత్సరములు అతిగా తిని తృప్తిని ఎక్కువ దగ్గర నిలుపుకొన్నవానికి ఆ తృప్తియే ప్రమాణమనుట, తప్పు త్రాసుతోనే త్రాసును సరిచూచుట వంటిది. తైత్తిరీయోపనిషత్తు అన్నమును సర్వౌషధమనినది. ఔషధమున కర్షమనగా 12 గ్రాములు, పలమనగా 48 గ్రాములు అని నేటి వైద్యులు లెక్క కట్టి యోగములు సిద్ధపరచుచున్నారు. అన్నము ఔషధమని సభలలో చెప్పి, దానిని మాత్రము గుప్పెళ్లతో పోసుకొనుట ఏమి న్యాయము? మధుమేహరోగి సూదిపై గీత చూచి ఇన్సులిన్ పది యూనిట్లు ఎక్కించుకొనును, పదకొండవదానికి భయపడును. ఆ ఇన్సులిన్ ఎదుర్కొనవలసిన అన్నము మాత్రము నేడొక గరిటె, రేపు మూడు గరిటెలు. అతని చక్కెర పెరుగుటయు పడిపోవుటయు వైద్యుని దోషమా?

అన్నము పరబ్రహ్మస్వరూపము, దానిని తూచుట లోభము, అన్నపూర్ణకు అపచారము అనుట నాలుగవది. ఈ భావన పుట్టుకను గౌరవింపవలసినదే. 1832, 1833 సంవత్సరములలో నందననామ క్షామము గుంటూరు సీమను శ్మశానము చేసినది. డొక్కల కరవు అని ప్రజలు దానిని తలచుకొనిరి. కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తియైన తరువాతనే డెల్టా ధాన్యాగారమైనది. నేటి ప్రకాశం బ్యారేజి 1957 నాటిది. ఆకలి చూచిన తరములు అతిథి విస్తరిలో కొసరి కొసరి వడ్డించుటను పరమధర్మముగా భావించుట సహజము. బియ్యము అయిపోయినవనక "నిండుకొన్నవి" అను నోటికి లెక్క కట్టుట అమంగళముగా తోచును. కాని దానము వేరు, భోగము వేరు. అతిథికి వడ్డించునప్పుడు చేయి వెనుకాడరాదు. తన కంచము దగ్గర చేయి వెనుకాడుటయే సంయమము. శరన్నవరాత్రులలో ఇంద్రకీలాద్రిపై అన్నపూర్ణాలంకారమున దర్శనమిచ్చు తల్లి చేతిలో గరిటె ఉన్నది. ఆమె కుండను బోర్లించుట లేదు, గరిటెతో పెట్టుచున్నది.

ఈ "లెక్కలేని" సంప్రదాయమునకు మూల్యము చెల్లించువారు ఎవరో కూడ చూడవలెను. అందరికి వడ్డించి చివర తిను ఇల్లాలికి రాశి అను మాట లేదు. మిగిలినచో "అన్నము పారవేయరాదు" అని రెండు కంచముల అన్నము తినును. మిగలనిచో మజ్జిగ నీళ్లతో సరిపుచ్చుకొనును. ఒకనాడు అతిమాత్ర, ఒకనాడు హీనమాత్ర. ఆ ఇంటిలో ముందుగా కొలిచి వండినచో, ఆమె భాగము ముందుగా వేరు చేసినచో, అన్నమునకు గాని అన్నపూర్ణకు గాని కలుగు అపచారమేమి?

తూచుట మనసును బంధించును, గ్రాముల చింత మరొక రోగమగును అనుట చివరి పూర్వపక్షము. ఇందులో సత్యాంశము కలదు. తిండిని చూచి భయపడి కృశించువారికి సంఖ్యలు హానికరములు కాగలవు. వారికి వైద్యుని రక్షణ కావలెను. అయినను ఔషధమునకు అపాత్రులున్నంత మాత్రమున ఔషధము నింద్యము కాదు. గీత ఆరవ అధ్యాయమున 16, 17 శ్లోకములలో భగవానుడు అతిగా భుజించువానికి యోగము లేదని, బొత్తిగా భుజింపనివానికిని లేదని, యుక్తమైన ఆహారవిహారములు కలవానికే యోగము దుఃఖహరమని బోధించెను. రెండు కొసల నడుమ యుక్తమేదో తెలియుటకు కొలత కావలెను. అతిని పట్టి ఇచ్చు త్రాసే హీనమును కూడ పట్టి ఇచ్చును. వంటగది త్రాసు పస్తును బోధింపదు. ఈ పూట ఇంత తినవలెను అనియు అది చెప్పగలదు.

ఆచరణము కష్టమైనది కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి 1958లో ఇచ్చటికి తరలివచ్చినది. ఆ సంస్థ 2024లో సవరించి ప్రకటించిన మార్గదర్శకములలో 2000 కిలోక్యాలరీల దినభోజనమునకు ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, నూనె నేయి కలిపి 27 గ్రాములు అని ఉన్నది. ఇవి వండక ముందటి తూకములు. బియ్యము ఉడికిన తరువాత రెండున్నర నుండి మూడు రెట్లు బరువు తూగును, గంజి వార్చిన దానిని బట్టి ఆ బరువు మారును. కావున వండకముందే తూచుట నిశ్చయము. నూనెకు మరొక ఉపాయము కలదు. నలుగురున్న ఇంటికి తల ఒక్కింటికి 27 గ్రాముల చొప్పున 30 దినములకు 3 కిలోల 240 గ్రాములు. నెలలో ఎన్ని ప్యాకెట్లు ఖాళీయైనవో, ఎంత నేయి తరిగినదో, ఆవకాయ జాడీలో ఎంత నూనె పోసిరో కూడి చూచినచో ఇంటి నిజము బయటపడును. బరువు తగ్గదలచినవానికి ఎంత తగ్గింపవలెనో వైద్యుడు చెప్పవలెను. ఇన్సులిన్ గాని చక్కెర తగ్గించు మాత్రలు గాని వాడువారు ఆయనను అడుగక ఆహారమును మార్చరాదు.

తూకము జీవితాంతము చేయవలసినది కూడ కాదు. కొన్ని వారములు శ్రద్ధగా తూచినవానికి తన గిన్నెలో ఏ గీతవరకు ఎంత పట్టునో తెలియును. అప్పుడు ఆ గిన్నెయే అతని సోల, ఆ గరిటెయే అతని త్రాసు. అప్పుడప్పుడు మరల తూచి సరిచూచుకొన్న చాలును. కొలిచి శిక్షణ పొందిన కంటికిని, ఎన్నడు కొలువని కంటికిని గల అంతరము, గురువు దగ్గర స్వరము నేర్చినవానికిని తోచినట్లు పాడువానికిని గల అంతరము.

అన్నము భూతములచే భుజింపబడునది, భూతములను భుజించునది కూడ అదియే అని తైత్తిరీయము అన్న శబ్దమునకు నిర్వచనము చెప్పినది. తినువాడు తెలిసి తినునంతవరకే భోక్త. తెలియక తినుచున్ననాడు అతడే అన్నమునకు అన్నమగుచున్నాడు. కృష్ణాడెల్టాలో ఇంటింట చక్కెర మాత్రల పెట్టె దేవునిగూటి ప్రక్కకు చేరుచున్న ఈ కాలమున, అటకపైనున్న సోలను దింపి తుడుచుకొనుట అనాచారము కాదు, మరచిన ఆచారమును మరల పట్టుట.